పరుశురాం కట్టిన కట్టు

తార్నాక మెట్రో స్టేషన్ కింద ఆటోలు ఆగే అడ్డాలో పరుశురాం గొంతును మించిన గొంతు లేదు. "ఆర్ట్స్ కాలేజ్, ఆర్ట్స్ కాలేజ్! ఇంకొక్కరు, ఇంకొక్కరు!" అని ఒక్క కేక వేస్తే పైన ప్లాట్‌ఫారం మీదున్న పిల్లలకు కూడా వినపడేది. మనిషి కూడా గొంతుకు తగ్గట్టే ఉంటాడు. మంచి పొడగరి, చెంపల మీదికి మెలితిరిగిన మీసం, మోచేతుల పైకి మడిచిన ఖాకీ చొక్కా. అడ్డంగా వచ్చిన బస్సు డ్రైవరైనా, తప్పుదారిలో దూరిన కారు ఓనరైనా సరే, ఆటో ఆపి దిగి తగవు పెట్టుకోనిదే వదిలేవాడు కాదు.

అంతటి మనిషికి నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. తండ్రి లాలాగూడలో రైల్వే ఖలాసీ. కొడుక్కు చేతిపని నేర్పిద్దామని తెలిసినవాళ్ల లేతు మిషన్ షెడ్డులో పెట్టాడు. అక్కడ ఒకరోజు పక్కనున్న పనివాడి వేలు కోసుకుంది. వేలు కోసుకున్నవాడు గుడ్డ చుట్టుకుని నిలబడే ఉన్నాడు, పరుశురాం మాత్రం నిలువునా కూలిపోయాడు. చివరికి ఆ గాయపడ్డవాడే ఇతని మొహం మీద నీళ్లు చల్లి లేపాడు. మర్నాటినుంచి షెడ్డు గడప తొక్కలేదు. కొన్నాళ్లు తిరిగి తిరిగి ఆటో హ్యాండిల్ పట్టాడు. పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, వాళ్ల పెళ్లిళ్లూ అయ్యాయి. కాన్పులప్పుడు ఆసుపత్రి బయట ఆటోలో కూర్చున్నాడే తప్ప లోపలికి రాలేదు. పిల్లలు మోకాళ్లు చెక్కుకుని ఏడుస్తూ వస్తే, "ప్రమీలా, ఇటు రా, జల్ది రా!" అని తను గోడవైపు తిరిగేవాడు. ఇంట్లో గాయమన్నది ఏదైనా ప్రమీలమ్మ ఖాతాలోకే వెళ్లేది. అడ్డాలో అందరికీ ఇది తెలుసు. ముందే గొంతు పెద్దది కాబట్టి, ఈ ఒక్క విషయంలో అతన్ని ఏడిపించడం వాళ్లకు ఇంకా ఇష్టం.

ఇక మైనా సంగతి. పన్నెండేళ్ల కిందట ఒక వానాకాలం సాయంత్రం, యూనివర్సిటీ క్యాంపస్ లోపల బస్టాపు దగ్గర తడిసి ముద్దయిన కుక్కపిల్ల ఒకటి ఆటోలోకి ఎక్కి కూర్చుంది. పిల్లలు దిగిపోయినా అది దిగలేదు. పరుశురాం రెండుసార్లు దింపాడు, రెండుసార్లూ మళ్లీ ఎక్కింది. "సరే, పా" అని ఇంటికి తీసుకుపోయాడు. అప్పటినుంచి అది అతని పక్కనే, డ్రైవరు సీటు ఎడమ పక్క ఉన్న కాస్త జాగాలో ఇరుక్కుని కూర్చుని ఊరంతా తిరిగింది. గోధుమరంగు ఒళ్లు, తెల్లటి ఛాతీ, ఒక చెవి నిలబడి ఒక చెవి మడతపడి ఉండేది. ఫస్ట్ ఇయర్‌లో దానితో ఫోటో దిగిన పిల్లలు పీహెచ్‌డీ చేసి వెళ్లేటప్పుడు కూడా ఫోటో దిగి వెళ్లారు. ఇప్పుడు దాని మూతి నెరిసింది. ఒక కంట్లో పొర వచ్చింది. రెండో అంతస్తు మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునేది.

ఆ ఎండాకాలం ప్రమీలమ్మ దాని పొట్ట నిమురుతుంటే చేతికి గడ్డలు తగిలాయి. మొదట్లో పల్లీగింజంత. చూస్తుండగానే ఒకటి నిమ్మకాయంత అయింది. సీతాఫల్‌మండిలో కుక్కల డాక్టరు సింధూజ దగ్గరికి తీసుకెళ్లారు. చిన్న వయసు డాక్టరమ్మ, కానీ నెమ్మదిగా, విడమరిచి చెబుతుంది.

"అంకుల్, ఇది రొమ్ముల దగ్గర వచ్చే గడ్డ. వదిలేస్తే పగిలి పుండవుతుంది. గుండె, రక్తం అన్నీ చూశాను, మత్తు తట్టుకోగలదు. కానీ వయసు ఉంది కదా, రిస్క్ లేదని మాత్రం చెప్పలేను. ఆ పక్క రొమ్ముల వరసంతా తీసేయాలి."

అడ్డాలో సమ్మయ్య అని ఇంకో డ్రైవరు ఉన్నాడు, పరుశురాం కన్నా చిన్నవాడు. ఈ మాట విని, "ముసల్దాయె గదనే అన్నా, గీ వయసుల దానికి కోతలెందుకు?" అన్నాడు.

పరుశురాం కళ్లెర్రజేశాడు. "మా అమ్మ ముసల్దని దవాఖానకు తోల్కపోకుంట ఊకున్ననారా నేను? ముసల్దైతే నొప్పుండదా?"

సమ్మయ్య తన ఆటో వైపు నడిచాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. చిక్కు వేరే చోట వచ్చింది. సరిగ్గా ఆ ముందువారమే ప్రమీలమ్మ బస్సు దిగుతూ జారిపడింది. కుడి మణికట్టు విరిగి పిండికట్టు పడింది. హాస్టల్లో వంటపని మానుకుని ఇంట్లో కూర్చుంది. అంటే, కుట్లు శుభ్రం చేయడానికి ఇంట్లో ఉన్నవి పరుశురాం చేతులు రెండే.

"అంకుల్, నేను చేసేది చూడండి. రేపటినుంచి మీరే చేయాలి" అంది సింధూజ.

పరుశురాం గోడ మీదున్న పిల్లి బొమ్మను తదేకంగా చూస్తున్నాడు. "నువ్వు చెప్పమ్మా, నేను ఇంటున్న."

"వింటే రాదు అంకుల్. చూడాలి."

చూశాడు. గొరిగిన పొట్ట మీద చంక దగ్గరినుంచి తొడ మొదలు దాకా పొడుగ్గా ఒక గీత, దానికి అడ్డంగా వరసగా నల్లటి దారం ముడులు, అక్కడక్కడా ఎండిన నెత్తురు. అంతవరకే అతనికి గుర్తు. తర్వాత కళ్లు తెరిచేసరికి తను నేల మీదున్నాడు. కాంపౌండరు అట్టముక్కతో విసురుతున్నాడు. మత్తు ఇంకా పూర్తిగా దిగని మైనా బల్ల మీదినుంచి తల వంచి అతన్నే చూస్తోంది.

"ఆపరేషన్ ఎవరికి చేశానో నాకే అనుమానం వస్తోంది" అని నవ్వింది సింధూజ. ప్రమీలమ్మ నవ్వలేదు. ఆటోలో ఇంటికి వస్తుంటే ఆమె కళ్లు తుడుచుకోవడం అద్దంలో కనిపించింది. "నా చెయ్యి ఇప్పుడే ఇరగాల్నా" అని తనలో తను అనుకుంటోంది. పరుశురాంకు ఆ మాట ములుకులా గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున ముందు గదిలో చాప పరిచి మైనాను పడుకోబెట్టారు. మెడ చుట్టూ ప్లాస్టిక్ కాలరు. కుట్లు నాకకుండా అది తప్పనిసరి. దానితో నడిస్తే మైనా ప్రతి తలుపుకూ, మంచం కోడుకూ గుద్దుకునేది. "మైకు కట్టిన్రు దీనికి, అరిస్తే అడ్డా దాకా ఇనవడ్తది, అచ్చం నీ లెక్క" అంది ప్రమీలమ్మ, మొగుణ్ని కాస్త తేలిక చేద్దామని. పరుశురాం గిన్నెలో సెలైన్ నీళ్లు పోసుకుని, దూది ముంచి, కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాచాడు.

"ఏందయ్యా అది? కండ్లు మూస్కొని ఆటో నడుపుతవా?"

"నడప."

"మరి?"

పరుశురాం కళ్లు తెరిచి దూదిని గిన్నె అంచున పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆటో నడిపేటప్పుడు రోడ్డంత ఒక్కపారే సూస్తనా ప్రమీలా? ఒక స్టాపు, ఎన్కాల ఇంకో స్టాపు."

అలా మొదలైంది. చంక దగ్గర మొదటి కుట్టు తార్నాక. ఒక గుడ్డతో మిగతాదంతా కప్పేసి అంతవరకే చూశాడు. నుదుట చెమట పట్టింది, అయినా పడలేదు. తుడిచాడు. గుడ్డను కొంచెం కిందికి జరిపాడు. "ఇగో, లైబ్రరీ వచ్చింది. దిగేటోళ్లు దిగుండ్రి." మైనా చెవి నిలబెట్టింది. దానికి బాగా తెలిసిన మాట అది. ఆ తర్వాత ఆర్ట్స్ కాలేజీ, ఆ తర్వాత లేడీస్ హాస్టల్, తొడ మొదట్లో సీతాఫల్‌మండి. చివరి స్టాపు చేరేసరికి చొక్కా వెన్నుకు అతుక్కుపోయింది. లేచి, తలుపు పట్టుకుని, బాల్కనీలో నిలబడి చాలాసేపు గాలి పీల్చుకున్నాడు. లోపలికి వచ్చి, "చాయ్ తాగుదామా?" అన్నాడు, ఏమీ జరగనట్టు.

రోజులు గడిచేకొద్దీ కప్పే గుడ్డ చిన్నదైంది. వాపు ఎక్కడుంది, తడి ఎక్కడుంది, ఏ కుట్టు చుట్టూ చర్మం వేడిగా ఉంది, అన్నీ చూసి పూటపూటకీ డాక్టరమ్మకు ఫోన్‌లో చెప్పేవాడు. మందుబిళ్లను బెల్లంముక్కలో పెట్టి ఇస్తే మైనా బెల్లం తిని బిళ్లను చాప కింద దాచేది. దాన్ని కనిపెట్టి మళ్లీ ఉడికించిన గుడ్డులో పెట్టడం నేర్చుకున్నాడు. మెట్లు దిగకుండా పొద్దునా సాయంత్రం రెండు చేతుల మీద ఎత్తుకుని కిందికి దింపి, మళ్లీ ఎత్తుకుని పైకి తెచ్చేవాడు. కింద అంతస్తులో ఉండే ఇంటి ఓనరు సుబ్బలక్ష్మి, రిటైరైన టీచరమ్మ, గుమ్మంలో నిలబడి చూసేది. మెట్ల మీద కుక్క వెంట్రుకలు పడతాయని ఆమెకు మొదటినుంచీ కినుక. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది.

ఇంకొద్ది రోజుల్లో కుట్లు విప్పుతారనగా బోనాల ఆదివారం వచ్చింది. ప్రమీలమ్మ చేతికి కట్టుంది కాబట్టి చెల్లెలు బోనమెత్తింది, ఆమె తోడు వెళ్లింది. పరుశురాం ఇంట్లోనే ఉండి మైనా పక్కన చాప మీద నడుం వాల్చాడు. మధ్యాహ్నం దాటాక సందులోకి ఊరేగింపు వచ్చింది. తీన్‌మార్ డప్పులు ఒక్కసారిగా కిటికీ కింద మోగాయి. మైనాకు చిన్నప్పటినుంచీ డప్పులంటే హడల్. పరుశురాం పట్టుకునేలోపే అది లేచి మంచం కిందికి దూకింది. కాలరు మంచం పట్టెకు తట్టుకుంది, వెనక కాళ్లు జారాయి, ఒళ్లు మెలితిరిగింది. ఒక చిన్న అరుపు. అంతే.

మంచం పక్కకు లాగి చూసేసరికి నేల మీద నెత్తురు. పొట్ట కింది భాగంలో కుట్లు వరసగా తెగి చర్మం నోరు తెరిచినట్టు విడిపోయింది. లోపల ఎర్రగా, తడిగా, లోతుగా.

పరుశురాం మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. చెవుల్లో హోరు మొదలైంది. గది అంచులు చీకటి పడుతున్నాయి. ఆ హోరు అతనికి బాగా తెలుసు, దాని తర్వాత ఏం జరుగుతుందో కూడా తెలుసు. మైనా అతనివైపు పాకడానికి ప్రయత్నిస్తోంది. "కదలకు!" అని అరిచాడు. ఆ అరుపుకు గది మళ్లీ వెలుగులోకి వచ్చింది. "కదలకు బిడ్డా. నేనున్న. గీడనే ఉన్న." ఒక చేత్తో దాని భుజం నొక్కి పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్ తీశాడు.

"డాక్టరమ్మా! లేడీస్ హాస్టల్ నుంచి సీతాఫల్‌మండి దాకా మొత్తం తెగింది!"

"ఏం తెగింది అంకుల్? కరెంటు తీగా?"

"కుట్లమ్మా! మైనా కుట్లు!"

సింధూజ గొంతు మారింది. "లోపల ఏం కనిపిస్తోంది? సరిగ్గా చూసి చెప్పండి."

అతను వంగి చూశాడు. "ఎర్రగ కండ కనవడ్తుంది. పేగులైతే లేవు. నెత్తురు కార్తలేదు, ఊరుతుంది. ఒక పక్క తోలు చిరిగింది."

"చాలా బాగా చెప్పారు. శుభ్రమైన గుడ్డ సెలైన్‌తో తడిపి మీద పెట్టండి, వదులుగా చుట్టండి. క్లినిక్‌కు తీసుకురండి, నేను బయల్దేరుతున్నా."

బీరువాలోంచి ఉతికిన పంచె తీసి, తడిపిన గుడ్డ గాయం మీద పరిచి, పంచెతో నడుం చుట్టూ చుట్టి ముడేశాడు. ఎత్తుకుని మెట్లు దిగాడు. ఆటో వెనక సీట్లో పడుకోబెట్టాడు. అప్పుడు తట్టింది, తను బండి నడిపితే దీన్ని పట్టుకునేదెవరు? గేటు దగ్గర పట్టుచీర కట్టుకుని ఊరేగింపు చూస్తున్న సుబ్బలక్ష్మి ఒక్క క్షణం అతని చొక్కా మీద మరకను చూసింది, వెనక సీట్లోకి చూసింది. ఆటో ఎక్కి మైనా తల ఒళ్లో పెట్టుకుంది.

"చూస్తారేంటండీ, పోనివ్వండి! నేను పట్టుకుంటాను."

సందు మొదట్లో జనం. డప్పులు, పసుపు, వేపాకులు, మధ్యలో కొరడా ఝళిపిస్తూ పోతురాజు వేషగాడు. హారను ఎవరికీ వినపడటం లేదు. పరుశురాం ఆటోలోంచి సగం బయటికి వంగి, అడ్డాలో ఏళ్ల తరబడి సాన పెట్టిన గొంతంతా తీశాడు.

"జరుగుండ్రీ! నా బిడ్డ పానం మీదికొచ్చింది, జరుగుండ్రీ!"

డప్పులు ఆగాయి. జనం రెండుగా చీలారు. పోతురాజు వచ్చి వెనక సీట్లోకి తొంగి చూశాడు. కుక్కను చూసి నవ్వుతాడేమో అనుకుంది సుబ్బలక్ష్మి. అతను నవ్వలేదు. చేతిలోని నిమ్మకాయ మైనా మీదుగా తిప్పి పడేశాడు. కొరడా నేల మీద చరుస్తూ ఆటో ముందు పరుగెత్తాడు. "తొవ్వ ఇడువుండ్రి, తొవ్వ ఇడువుండ్రి!" మెయిన్ రోడ్డు దాకా అతనే దారి చేశాడు. అక్కడినుంచి క్యాంపస్ లోపలి రోడ్డు. ఆదివారం కాబట్టి ఖాళీగా ఉంది. స్పీడ్‌బ్రేకరు వచ్చిన ప్రతిచోటా పాల గిన్నె మోస్తున్నట్టు మెల్లగా దాటించాడు.

క్లినిక్‌లో సింధూజ కట్టు విప్పి, కడిగి, చాలాసేపు చూసింది. ఈసారి పరుశురాం గోడ మీద బొమ్మను చూడలేదు. బల్లకు అటువైపు నిలబడి మైనా కాళ్లు పట్టుకున్నాడు.

"మళ్లీ కుట్టలేను అంకుల్. చర్మం చిరిగింది, వాచింది, కుడితే నిలవదు. ఇంత తొందరగా మళ్లీ పూర్తి మత్తు ఇవ్వడం కూడా నాకు ఇష్టం లేదు. దీన్ని ఇలాగే వదిలి లోపలినుంచి మాననివ్వాలి. మానుతుంది. కానీ టైం పడుతుంది. రెండు పూటలా కడిగి కట్టు మార్చాలి. మీ వల్ల అవుతుందా?"

"అయితది."

"ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఎరుపు మంచిది. లోపల దానిమ్మ గింజల్లాగా ఎర్రగా, తడిగా కనిపిస్తే అది కొత్త కండ. ముట్టుకుంటే కాస్త నెత్తురు రావాలి. నెత్తురొస్తే సంతోషించండి. తెల్లగా, పచ్చగా మారినా, వాసన వచ్చినా నాకు ఫోన్ చేయండి."

నెత్తురొస్తే సంతోషించాలట. పరుశురాం ఇంటికొచ్చాక ఆ మాట ప్రమీలమ్మకు రెండుసార్లు చెప్పాడు.

తర్వాతి వారాల్లో పరుశురాం బతుకు ఆ గాయం చుట్టూనే తిరిగింది. పొద్దున లేవగానే సెలైన్ సీసాను వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేసేవాడు, చల్లగా ఉంటే మైనా ఉలిక్కిపడుతుందని. గ్లౌజులు అతని చేతులకు ఎక్కేవి కావు, చిరిగేవి. పెద్ద సైజు కోసం తార్నాకలో మందుల షాపులన్నీ తిరిగాడు. పాత గాజుగుడ్డ అంటుకుపోతే లాగకుండా నీళ్లు పోసి నానబెట్టి, అంగుళం అంగుళం విడదీసేవాడు. ఆ విడదీసేంతసేపూ నోరు ఊరుకునేది కాదు. అడ్డా కబుర్లు, ఎవరు ఎవరితో కొట్లాడారు, మెట్రోలో ఏం గడబిడ అయింది, అన్నీ మైనాకు చెప్పేవాడు. అతని గొంతు అంత మెత్తగా ఉంటుందని ప్రమీలమ్మ ఇన్నేళ్ల కాపురంలో ఎరగదు.

మధ్యలో ఒక గడ్డు వారం వచ్చింది. గాయం అంచున పచ్చటి పొర కట్టింది. కట్టు విప్పగానే అదోలాంటి వాసన. మైనా తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. సింధూజ మందు మార్చింది. "తినకపోతే కండ రాదు అంకుల్, ఎలాగైనా తినిపించండి" అంది. పరుశురాం కోళ్ల షాపుకు వెళ్లాడు. ఇన్నేళ్లూ ఆ షాపు ముందు ఆటో ఆపిన పాపాన పోలేదు. నెత్తురోడే కార్జాలు కవరులో వేయించుకుని తెచ్చి, తనే కడిగి, ఉడికించి, మెత్తగా పిసికి అన్నంలో కలిపి వేలితో దాని నాలుకకు రాశాడు. మొదటి రోజు నాకింది. రెండో రోజు గిన్నెవైపు తల తిప్పింది. ఆ మర్నాడు గిన్నె ఖాళీ చేసి, కాలరుతో దాన్ని గదంతా నెట్టుకుంటూ తిరిగింది. గిన్నె గోడకు కొట్టుకుని టంగుటంగుమంటుంటే కింద అంతస్తునుంచి సుబ్బలక్ష్మి కేక వేసింది. "తిందా?"

"తిన్నదమ్మా! మొత్తం ఊడ్చింది!"

"ఇంకా వేయండి మరి!"

ఒక పొద్దున కట్టు విప్పేసరికి పచ్చపొర లేదు. లోపలంతా చిట్టిచిట్టి గింజలు కూర్చినట్టు నిగనిగలాడే ఎరుపు. తడి గుడ్డ తగిలించగానే ఒక చుక్క నెత్తురు పొంగి నిలబడింది. పరుశురాం దాన్నే చూస్తూ ఉండిపోయాడు. "ప్రమీలా! ఇటు రా, జల్ది రా!"

ఏం ముంచుకొచ్చిందో అని ఆమె పరుగెత్తుకొచ్చింది.

"సూడు. ఎంత ఎర్రగున్నదో సూడు. అచ్చం దానిమ్మ పండే."

ప్రమీలమ్మ గాయాన్ని చూడలేదు. మొగుడి మొహం చూసింది. ఎడమ చేత్తో నోరు మూసుకుని, ఏడుస్తుందో నవ్వుతుందో తనకే తెలియకుండా నిలబడింది.

అక్కడినుంచి గాయం రోజురోజుకీ దగ్గరికి వచ్చింది. అరచేయంత ఉన్నది బిస్కెట్టంత అయింది. అంచులనుంచి గులాబీరంగు కొత్త చర్మం లోపలికి పాకుతూ వచ్చింది. పరుశురాం ఫోన్‌లో ఫోటోలు తీసుకుని అడ్డాలో చూపించేవాడు. చాయ్ తాగుతున్నవాళ్లు "అబ్బ, తియ్యన్నా దాన్ని!" అని మొహం తిప్పుకుంటే, "ఏం మొగోళ్లురా మీరు" అని పడీ పడీ నవ్వేవాడు. సమ్మయ్య రోడ్డు మీది రాయి తగిలి కాలి బొటనవేలు చితకగొట్టుకుంటే దగ్గర కూర్చోబెట్టి, కడిగి, కట్టు కట్టి, "టీటీ సూది ఏపిచ్చుకో పో" అని ఇంకొకరి ఆటోలో దవాఖానకు పంపాడు.

ప్రమీలమ్మ చేతి కట్టు విప్పారు. ఇంటికి రాగానే ఆమె గిన్నె, దూది ముందు పెట్టుకుని కూర్చుంది. "ఇన్ని దినాలు నువ్వు చేసినవు. ఇగ జరుగు, నేను జేస్త."

పరుశురాం ఆమె చేతిలోంచి దూది తీసుకున్నాడు. "నీ చెయ్యి నువ్వు సూస్కో. గీ రూటు నాది."

వానలు ఊపందుకున్నాక జరిగిందిది. క్యాంపస్‌లో సాయంత్రం, చినుకులు అప్పుడే ఆగాయి. ఆటో నిండా పిల్లలతో వస్తుంటే ముందు వెళ్తున్న స్కూటీ తడి ఆకుల మీద జారి పడింది. నడుపుతున్న అమ్మాయి లేచి కూర్చుంది కానీ మోకాలి కింద లోతుగా తెగి నెత్తురు బొటబొటా కారుతోంది. చుట్టూ జనం చేరారు. ఒకరు నీళ్లంటారు, ఒకరు ఫోనంటారు. పరుశురాం ఆటో దిగాడు. నడిచి వెళ్లి ఆ నెత్తురు మధ్యలోనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. మెడలోని ఉతికిన తువ్వాలు తీసి మడిచి గాయం మీద పెట్టి అరచేత్తో నొక్కాడు.

"నీ పేరేంది బిడ్డా?"

"దీప్తి" అంది ఆ అమ్మాయి పళ్లు బిగించి.

"దీప్తి, నన్ను సూడు. కాలు సూడకు. నొప్పి అయితది, జర ఓర్చుకో. నేను ఒత్తి పట్టుకున్న, ఆగుతది." తల తిప్పకుండానే తన ఆటోలోని పిల్లలతో అన్నాడు. "అందరు దిగుండ్రి. ఈమెను ఎనక సీట్ల కాలు పైకి పెట్టి పండబెట్టాలె. ఒకరు నా లెక్కనే ఒత్తి పట్టుకోని కూసోండి, ఇడవొద్దు."

ఆసుపత్రిలో డాక్టరు కుట్లు వేసి, బాగా నొక్కి పట్టుకుని తెచ్చారన్నాడు. అమ్మాయి తల్లిదండ్రులకు కబురు వెళ్లేదాకా పరుశురాం అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు. చేతుల మీద ఎండిన నెత్తురు చూసుకున్నాడు. కడుక్కుందామని లేచాడు. నీళ్ల దగ్గర అద్దంలో తన మొహం కనిపించింది. ఎందుకో నవ్వొచ్చింది. ఒక్కడే నిలబడి గట్టిగా నవ్వుతుంటే పక్కన చేతులు కడుక్కుంటున్న పెద్దాయన కంగారుగా చూసి తప్పుకున్నాడు.

శ్రావణం వెళ్లిపోతుండగా సింధూజ ఆఖరి కట్టు విప్పింది. ఒక చిన్న పొడి పక్కు మిగిలింది, అదీ తడి గుడ్డతో రుద్దితే ఊడిపోయింది. కింద లేత చర్మం గట్టిగా, మూసుకుని ఉంది. తీసిన గడ్డ పరీక్ష ఫలితం, ఛాతీ ఎక్స్‌రే పక్కపక్కన పెట్టుకుని చూసింది. "గడ్డ మొత్తం వచ్చేసింది అంకుల్. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఇక కట్టు వద్దు, కాలరు వద్దు, మందులు వద్దు."

"మెట్లు?"

"ఎక్కనివ్వండి."

"ఆటో?"

"నన్నడుగుతారేంటి, దాన్నే అడగండి."

మర్నాడు పొద్దున మైనా రెండు అంతస్తుల మెట్లూ తనే దిగింది. నెమ్మదిగా, ఒక్కో మెట్టు వాసన చూస్తూ. సుబ్బలక్ష్మి గుమ్మంలో బిస్కెట్టు పట్టుకుని కాచుకుని ఉంది. మైనా ఆటో దగ్గరికి వెళ్లి, ముందు కాళ్లు పైకి వేసి, వెనక కాళ్లు తెచ్చుకోలేక ఒక క్షణం తటపటాయించింది. పరుశురాం చెయ్యి చాచాడు కానీ ముట్టుకోలేదు. అది ఒక్క ఊపు తీసుకుని ఎక్కేసింది. ప్రమీలమ్మ కూడా వెనక ఎక్కింది, ఈ మొదటి ట్రిప్పు చూడాలని.

ఆర్ట్స్ కాలేజీ ముందు పచ్చిక మీద వానకు కొత్త గడ్డి మొలిచింది. పొద్దుటి నడకకు వచ్చినవాళ్లు ఇంటిదారి పడుతున్నారు. ఆటో ఆగగానే మైనా దిగి, మూతి ఎత్తి గాలి పీల్చి, గడ్డిలోకి పరుగులాంటి నడకతో వెళ్లింది. ఉన్నట్టుండి దబ్బున పడింది. ప్రమీలమ్మ ఆటోలోంచి గబుక్కున దిగింది. కానీ అది పడలేదు, దొర్లింది. వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ ఆకాశానికి ఎత్తి, వీపు గడ్డికేసి రుద్దుకుంటూ, నాలుక పక్కకు వేలాడేసి అటూ ఇటూ మెలికలు తిరిగింది. పొట్ట మీద పొడుగాటి గులాబీరంగు గీత ఎండలో తళతళలాడింది.

నడకకు వచ్చిన ఒకాయన ఆగి, "అయ్యో, ఏమైందండీ పొట్టకు?" అన్నాడు.

పరుశురాం మీసం సవరించుకున్నాడు. స్టేషన్ పైనున్న పిల్లలకు వినిపించే గొంతుతో, పచ్చికంతా మారుమోగేలా చెప్పాడు.

"మానింది సారూ! మొత్తం మానింది! దగ్గరికొచ్చి సూడుండ్రి!"